పెట్టెలో లేని భాగము

టాటానగరులో హౌరా బండి ఎక్కినవారు ఘాట్‌శిలను, ధల్‌భూంగఢ్‌ను దాటి చాకులియా స్టేషనును చేరుదురు. బండి అచ్చట నిలుచునది స్వల్పకాలమే గనుక కిటికీలోనుండి చూచువారికి సాలవృక్షములును ఎఱ్ఱమట్టి నేలయు తప్ప విశేషమేదియు గోచరింపదు. కాని 1944వ సంవత్సరపు ఏప్రిల్ మొదలుకొని ఇంచుమించు ఒక వత్సరకాలము, అప్పటివరకు కర్మాగారములలో వరుసగా తయారైన విమానములన్నింటిలో మిక్కిలి బరువైనదిగా పేరొందిన బోయింగ్ బి-29 బాంబరు, అమెరికా సైన్యపు 40వ బాంబర్ దళమువారి చేతులలో, ఆ నేలమీదనుండియే లేచుచు దిగుచు నుండెను. ఆ విమానమును పదునారింట ఒకవంతు పరిమాణమున, సాధ్యమైనన్ని భాగములను స్వహస్తములతోనే చేసి, జంషెడ్‌పూరు పనివాండ్రు నిర్మింపవలెననియు, దానిని ఈ పట్టణమున పదిమందియు చూచుచోట నిలుపవలెననియు నా కోరిక. ఇది కేవలము వినోదప్రియుల ముచ్చటగా కొందరికి తోచవచ్చును. నేను మాత్రము దీనిని ఈ పట్టణపు విద్యకును చరిత్రకును చెందిన విషయముగానే భావించుచున్నాను.

నమూనావిమానమనగానే మనకు స్ఫురించునది దుకాణములోని పెట్టె. అందులో ప్లాస్టిక్ చట్రములకు అంటుకొనియున్న భాగములును, అతికించు క్రమమును తెలుపు కాగితమును, రెక్కలమీద అంటించు గుర్తులును ఉండును. ఈ బి-29నే మోనోగ్రామ్ అను అమెరికా సంస్థ 1970ల చివర 1:48 పరిమాణమున అచ్చుపోసి విక్రయించెను. దాని రెక్కల నిడివి రమారమి మూడడుగులు. పెట్టెలో ఉన్నదానిని ఉన్నట్లు అతికించిన పిల్లవానికి విమానముయొక్క ఆకారము బోధపడును, అదియు మేలే. అయితే ఆ పెట్టెలోని రెక్కమీద రేకుల అతుకులు పైకుబికిన గీతలుగా నున్నవి. అసలు విమానము మీదనో, గాలి నిరాటంకముగా జారిపోవలెనని రేకులను అంచునకు అంచు చేర్చి, రివెట్ల తలలను రేకు మట్టమునకు దించి బిగించిరి. ఈ భేదము కంటబడిననాడు నమూనాకారుడు ఆ గీతలన్నింటిని గరుకు కాగితముతో అరగదీసి, సూదిమొనతో లోతుగీతలుగా తిరిగి చెక్కుటకు పూనుకొనును. అటుపిమ్మట చక్రముల గూటిలో నూనెగొట్టములు లేవనియు, బాంబుల గదిలో తీగలు లేవనియు, ఇంజను వెనుక ఉండవలసినదేదియు లేదనియు ఒకదాని వెంట ఒకటిగా కనిపెట్టును. నమూనాకారులు స్క్రాచ్ బిల్డ్ అని వ్యవహరించు పని, అనగా పెట్టెలో లేని భాగమును తానే చేసికొనుట, ఇట్లు ఆరంభమగును. ఒక యంత్రమును గూర్చి నిజముగా తెలిసికొనుట కూడ అప్పుడే ఆరంభమగునని నా దృఢవిశ్వాసము.

పదునారింట ఒకవంతు పరిమాణమునే కోరుటకు హేతువు కలదు. బి-29 పటములన్నియు అడుగులలోను అంగుళములలోను గీయబడినవి. ఫిట్టరు జేబులోని ఉక్కు స్కేలు మీద అంగుళమునకు పదునారు గీతలుండును గనుక, అసలు విమానములోని ఒక అంగుళము నమూనాలో సరిగా ఒక గీత యగును; గుణించి భాగించు శ్రమ లేదు. 141 అడుగుల 3 అంగుళముల రెక్కలు తొమ్మిదడుగులకు కొంచెము లోపుగా నిలుచును. 99 అడుగుల దేహము ఆరడుగులు దాటును. 16 అడుగుల 7 అంగుళముల వ్యాసముగల ప్రొపెల్లరు ఇంచుమించు పన్నెండున్నర అంగుళములకు దిగును. పైతొడుగు సంగతి ఇంతకంటెను రమ్యమైనది. అసలు విమానపు దేహమునకు వాడిన అల్యూమినియము రేకులలో అంగుళమున పదునారవవంతు, అనగా 1.5875 మిల్లీమీటర్లు, మందముగలది ముఖ్యమైనది. దానిని పదునారుతో భాగించినచో వచ్చునది 0.1 మిల్లీమీటరు, కూల్‌డ్రింకు డబ్బా గోడ మందము ఇంచుమించు అంతియే! కావున సాక్చీ బజారులో ఎవరో త్రాగి పారవేసిన డబ్బాను కత్తిరించి, పూతను గీకివేసి, మంటసెగ చూపి మెత్తబఱచి, కఱ్ఱ అచ్చుమీద రుద్ది రూపు దిద్దినచో, లోహముచేతను మందముచేతను కూడ యథార్థమునకు అతిసమీపమైన రేకు లభించును. చాకులియాకు తొలుత వచ్చిన విమానములలో కొన్నిటికి ఆకుపచ్చ పూత యుండెను, తరువాతివి లోహపు మెఱుగుతోనే వచ్చినవి. మెఱుగు విమానమును రంగుతో అనుకరించుటకంటె లోహముతోనే తొడుగుట ఉత్తమమని వేరుగా చెప్పనక్కఱలేదు.

ఇంజన్ల దగ్గర కొంతసేపు నిలువవలెను, ఏలయనగా ఈ విమానముయొక్క కష్టచరిత్ర యంతయు అచ్చటనే యున్నది. రైట్ ఆర్-3350 అను ఆ ఇంజనులో పదునెనిమిది సిలిండర్లు తొమ్మిదేసి చొప్పున రెండు వలయములుగా అమర్పబడియుండును. శక్తి 2,200 అశ్వములు. ముందువలయమును దాటి వచ్చిన గాలియే వెనుకవలయమును చల్లబఱుపవలెను; ఆ గాలి చాలక సిలిండర్లు మితిమీరి వేడెక్కి, మంటలు లేచి, విమానములు కూలుచు వచ్చినవి. 1944 వసంతమున అమెరికానుండి ఇండియాకు వచ్చుదారిలో కరాచీ ప్రాంతమున ప్రమాదములు సంభవింపగా, విమానములన్నింటిని కొన్నాళ్లు నేలమీదనే నిలిపి, గాలిని త్రిప్పు రేకులను, ఎగ్జాస్టు వాల్వులకు చమురును కొనిపోవు అదనపు గొట్టములను అమర్చిరి. సింహభూము గ్రీష్మము ఎట్టిదో మనకొకరు చెప్పవలెనా! ఇక నమూనాకారుని పని చూడుడు. అతడు లేతు మీద ఇత్తడి కడ్డీని త్రిప్పి ఒక్క సిలిండరును చేయును. దాని చుట్టును శీతలఫలకములను చెక్కును. అసలు సిలిండరు మీద నున్నన్ని ఫలకములను ఆ చిన్న కొలతలో చెక్కుట అసంభవము గనుక, ఎన్నింటిని చెక్కినచో కన్ను నమ్మునో తానే నిర్ణయించుకొనవలెను. ఆ మూలమునుండి సిలికాన్ రబ్బరు అచ్చు తీసి, నాలుగు ఇంజన్లకును కావలసిన 72 సిలిండర్లను రెజిన్‌తో పోతపోయును. పోసి, ముందువలయమును బిగించి, దాని వెనుక రెండవ వలయమును నిలుపుటకు కూర్చున్నవేళ, ఒకదాని నీడలో ఒకటి ఎట్లు ఇరుకుకొనుచున్నదో, గాలి ఎచ్చట చొరలేదో అతని వ్రేళ్లకు తెలియును. ఆనాటి మెకానిక్కుల దుఃఖమును ఏ గ్రంథముకంటెను ఆ వ్రేళ్లే స్పష్టముగా చెప్పగలవు.

తక్కిన భాగములకును ఈ పట్టణమున సామగ్రికి కొదువ లేదు. మోటార్లు తిరిగి చుట్టు దుకాణములలో మిగిలిన సన్నని రాగితీగ నూనెగొట్టములకును విద్యుత్తీగలకును సరిపోవును. ప్లాస్టిక్ చట్రపు కడ్డీని దీపపుసెగ మీద తిప్పి, తీగపాకము వచ్చిన అదను చూచి రెండు చేతులతో మెల్లగా లాగినచో వెండ్రుకవంటి ఏరియల్ తీగ వచ్చును. అదను తప్పినచో తెగిపోవును. అర అంగుళపు మెషిన్‌గన్ గొట్టపు రంధ్రము ఈ కొలతలో 0.8 మిల్లీమీటరు, 18 గేజి ఇంజక్షను సూది రంధ్రము ఇంచుమించు అంతే గనుక, క్రొత్తసూదిని కొని మొన కోసి వాడుకొనవచ్చును. ముక్కునగల గాజుగది అన్నింటికంటెను దుర్ఘటము: టేకుతో దాని రూపును చెక్కి, పారదర్శకమైన షీటును వేడిచేసి దానిమీదికి లాగవలెను, లాగిన షీటు మందమునంతయు ముందే కఱ్ఱనుండి తగ్గింపనిచో, గది దేహముతో కలియక ఎత్తుగా నిలుచును. చక్రములకాళ్లకు మాత్రము ప్లాస్టిక్ చాలదు. తొమ్మిదడుగుల రెక్కల బరువును ఏండ్లతరబడి మోయవలెను గనుక అవి ఉక్కుతోనే కావలెను, ఆ ఉక్కు ఈ ఊరిదే కావలెను. రివెట్ల వరుసలకు పాత అలారము గడియారములోని పంటిచక్రమును పిడికి బిగించి, ఉక్కుబద్ద వెంట దొర్లించుట అనుభవజ్ఞుల పద్ధతి. 1943లో తెఱవబడిన హౌరా వంతెనకు పట్టిన 26,500 టన్నుల ఉక్కులో 23,000 టన్నులు ఈ ఊరి టాటా ఉక్కుకర్మాగారమునుండి వెళ్లినదియే. ఆ వంతెన యంతయు రివెట్లతో కూర్చినది. రివెట్ల వరుసను చూచి ఆనందింపగల కన్ను ఈ ఊరివారికి వంశపారంపర్యముగా వచ్చినదని నేను నమ్ముచున్నాను.

ఒక దేశమే ఈ విమానమునకు నమూనాకారుడైన వృత్తాంతమొకటి కలదు. దానికి మన ప్రాంతముతో గల సంబంధమును మనవారు తఱచుగా తలపరు. 1944 జూలై 29వ తేదీన మంచూరియాలోని అన్షాన్ ఉక్కుకర్మాగారముపై జరిగిన దాడిలో, బాంకురా జిల్లాలోని పియర్‌డోబాలో మకాము గల దళపు బి-29 ఒకటి దెబ్బతిని, తిరిగి రాలేక, సోవియట్ నేలపైన వ్లాడివోస్టాక్‌లో దిగెను. ఆ నవంబరులో ఖరగ్‌పూర్ దళమునకు చెందిన రెండు విమానములు అదే దారి పట్టినవి. అప్పటికి జపానుతో యుద్ధములో లేని సోవియట్ ప్రభుత్వము వానిని తనయొద్దనే యుంచుకొనెను. స్టాలిన్ ఆజ్ఞచే ఆంద్రే తుపోలెవ్ బృందము వానిలో ఒకదానిని తుదిసీల వఱకు విప్పి, ప్రతి భాగమును తూచి, కొలిచి, పటము గీచి, స్వదేశమున తిరిగి నిర్మించెను. అంగుళపు లెక్కలో పదునారవవంతు మందముగల రేకు మెట్రిక్ దేశమున ఎచ్చటను తయారగుటలేదు. కొంచెము పలుచని రేకు వాడినచో బలము చాలదు, కొంచెము దళసరిది వాడినచో బరువు పెరుగును. కావున ఒక్కొక్క చోట భారము ఎంత పడునో లెక్కవేసి, అచ్చటికి తగిన మందమును వేర్వేరుగా నిర్ణయింపవలసివచ్చెను. అనుకరించుటకు కూర్చున్నవారు ఆ రేకు అచ్చట అంత మందముగా ఎందులకున్నదో తెలిసికొనక తప్పలేదు. ఇట్లు తయారైన టి.యు.-4 1947 మే నెలలో ఎగిరి, ఆగస్టు 3వ తేదీన మాస్కో ఆకాశమున లోకమునకు దర్శనమిచ్చెను. ఆ వంశమున పుట్టిన టి.యు.-95 దేహమునకు అదే 2.9 మీటర్ల వ్యాసము సంక్రమించెను; దానినుండి సముద్రనిఘాకై టి.యు.-142 పుట్టెను, మన నౌకాదళమున 1988 మొదలు 2017 వఱకు సేవచేసిన ఆ విమానములలో ఒకటి నేడు విశాఖపట్టణమున బీచిరోడ్డు ప్రక్కన మ్యూజియమై నిలిచియున్నది. ఇచ్చటికి దాపుననే యున్న రన్‌వేలనుండి లేచిన విమానపు కొలత రష్యా దేశమును చుట్టి, మనలో పెక్కురి స్వస్థలమైన ఉత్తరాంధ్ర తీరమునకు చేరెను. ఈ కథను మన పిల్లలకు చెప్పువారేరి?

మన దేశమువారు కూడ ఇట్టి విద్యలో వెనుకబడినవారు కారు. యుద్ధానంతరము బ్రిటిష్ వైమానికదళము లిబరేటర్ బాంబర్లను మరల ఎగురకుండునట్లు పాడుచేసి కాన్పూరులో విడిచిపోగా, హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ సంస్థవారు ఆ శిథిలములనుండి ఒకదాని అవయవమును మరియొకదానికి చేర్చి, లేనివానిని సమకూర్చి, బెంగుళూరుకు ఎగురవేసికొనిపోయి నలుబదికి పైగా విమానములను పునరుద్ధరించిరి. 1948లో ఏర్పడిన 5వ స్క్వాడ్రన్ వానితోనే ఆరంభమాయెను. 1968 వఱకు అవి సేవలో నుండెను. కేటలాగు చూచి భాగములు తెప్పించుకొనుటకు వీలులేని దినములవి.

ఇక ఆక్షేపణలు. బొమ్మలాట పిల్లలదను మాటకు ఎక్కువ సమాధానమక్కఱలేదు. మారుత్ జెట్టును రూపొందించిన కూర్ట్ టాంక్ బృందము 1961లో అసలు విమానమును ఎగురవేయుటకు ముందు, 1959లోనే దాని ఆకారమున పూర్ణపరిమాణపు కఱ్ఱ గ్లైడరును కట్టి ఎగురవేసి చూచెను. నమూనా లేనిదే విమానము లేదు.

రెండవ ఆక్షేపణ గట్టిది. నేడు త్రీడీ ప్రింటరు కలదు, విదేశములనుండి తయారుచేసిన కాక్‌పిట్లు, ఇంజన్లు తెప్పించుకొనవచ్చును, ఇంకను ఆకురాయి పట్టి అరగదీయుట ఎందులకని అడుగువారు కలరు. ప్రింటరు మీద నాకు ద్వేషము లేదు. ఆ యంత్రమునకు కావలసిన పటమును కొలతలు తీసి స్వయముగా గీచినవాడు భాగమును స్వయముగా చేసినవాడే. అతని శ్రమను తక్కువచేయరాదు. కాని మరియొకడు గీచి, మరియొకడు ముద్రించి పంపినదానిని అంటించినవానికి అందమైన విమానము లభించును, ఇంజను ఎందుకు మండినదో లభింపదు. పోటీలలో బహుమతులిచ్చువారు ఈ రెండింటిని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టుట అన్యాయమని నా అభిప్రాయము.

మూడవది నన్ను మిక్కిలి కలతపెట్టినది. యుద్ధవిమానమును ఇంత ప్రేమతో చెక్కి నిలుపుట యుద్ధమును కీర్తించుట యగునా? 1944 జూన్ 15వ తేదీ రాత్రి చైనాలోని చెంగ్డూ ప్రాంతపు రన్‌వేలనుండి బయలుదేరి జపానులోని యవాటామీద బాంబులు విడిచిన 47 బి-29 విమానములు, చాకులియా, ఖరగ్‌పూర్ మొదలగు మన ప్రాంతపు స్థావరములలో మకాము గల దళములవియే. అవి గుఱిపెట్టినది ఉక్కుకర్మాగారమును, అందును కోక్ అవెన్లను. 1901లో పని ఆరంభించిన యవాటా, 1907లో పుట్టిన టాటా కంపెనీకంటె ఆఱేండ్లు పెద్దది. అచ్చటను షిఫ్టు సైరను కూసినంతనే నిద్రలేచు కుటుంబములుండెను. ఆ రాత్రి కర్మాగారమునకు కలిగిన నష్టము స్వల్పము; కాని 1945 ఆగస్టు 8వ తేదీ నాటి అగ్నిబాంబుల దాడిలో ఆ పట్టణమున కొంతభాగము దగ్ధమాయెను. కోక్ అవెన్ వేడిని ముఖమున ఎఱిగిన ఊరివారు ఆ గుఱిని తలచి నిర్వికారముగా ఉండలేరు. ఈ కారణముచేతనే ఈ విమానమును ఈ ఊరివారు చేయవలెనని నేను మరింత గట్టిగా కోరుచున్నాను. బాంబుల గది తలుపులను తెఱచి, లోపలి కొక్కెములను ఒక్కొక్కటిగా చేసిన చేతులకు, అందు వ్రేలాడినది ఎవరి ఇండ్లమీద పడెనో తెలిసియుండవలెను. నమూనా ప్రక్కన నిలుపు ఫలకముమీద యవాటా పేరు చాకులియా పేరంత పెద్ద అక్షరములతో ఉండవలెను. దానిని దాచి మెఱుగులు దిద్దినచో, ఆ పని నాకు సమ్మతము గాదు.

చేయువారెవరను ప్రశ్నకు ఈ పట్టణమే సమాధానము. శ్రీకాకుళము, విజయనగరము, విశాఖ ప్రాంతములనుండి తాతల కాలమున వచ్చి టాటా కర్మాగారములలో చేరిన తెలుగువారి ఇండ్లలో, పదవీవిరమణ చేసిన ఫిట్టర్లు, టర్నర్లు, వెల్డర్లు నేటికిని కలరు. వారి చేతులు ఊరకున్నవి, చూపు కొంత తగ్గినను కొలత తగ్గలేదు. 1921నాటి సాంకేతికవిద్యాలయమునుండి పెరిగిన శావక్ నానావతి టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చటనే యున్నది. 1950లో నెహ్రూ ప్రారంభించిన జాతీయ లోహశోధనాలయము ఇచ్చటనే యున్నది. ఆదిత్యపూర్‌లో లేతుల మ్రోత వినబడని వీధి అరుదు. ఐ.టి.ఐ.లలో ఫిట్టరు విద్య నేర్చు పిల్లలు ఇనుపముక్కను చదరముగా అరగదీయుట, ఒకదానిలో ఒకటి ఒదుగునట్లు రెండు ముక్కలను చేయుట అభ్యసింతురు. మార్కులు వేసిన పిమ్మట ఆ ముక్కలు తుక్కులో చేరును. ఆ అభ్యాసమునే చక్రపుకాలి మడతబందుగానో, బాంబుకొక్కెముగానో ఎందులకు చేయింపరాదు? కొలతలో సందు ఇచ్చుటయు, ఒదుగుటయు, సరిచూచుటయు అవే. అయితే పిల్లవాని ముక్క చివరకు ఒక యంత్రమున తన చోటును చేరును, అది సరిపోకున్నచో ప్రక్కవాని ముక్కయు నిలువదని అతనికి తెలియును. ఒక వృద్ధ టర్నరును ఇద్దరు ముగ్గురు విద్యార్థులకు జతచేసి, ఒక్కొక్క ఇంజనును ఒక్కొక్క బృందమునకు అప్పగించినచో, సెప్టెంబరు 17వ తేదీన విశ్వకర్మపూజనాడు ఆయా బృందములు తమ తమ భాగములను పూజలో నుంచవచ్చును. మార్చి 3వ తేదీ టాటావారి స్థాపకదినోత్సవమున జూబ్లీ పార్కు దీపములను చూడవచ్చు జనమునకు, పూర్తికాని విమానమునైనను చూపవచ్చును. పూర్తికానిదానిని చూపుటయే మేలు, లోపలి పక్కటెముకలు కనబడును గనుక.

వ్యయము సామాన్యము. కాలము మాత్రము విశేషముగా పట్టును. రెండు మూడేండ్లని ముందే ఒప్పుకొనవలెను, త్వరపెట్టు అధికారి దీనికి దూరముగా నుండవలెను. పటములను నమ్ముటలోను జాగ్రత్త కావలెను. బోయింగ్‌వారు విచిటా, రెంటన్ కర్మాగారములలోను, బెల్, మార్టిన్ సంస్థలు తమ తమ కర్మాగారములలోను కలిసి చేసిన 3,970 విమానములలో వరుస వరుసకు మార్పులుండెను. 1945నాటి విమానపు ఫొటో చూచి 1944నాటి చాకులియా విమానమును చేసినచో అది చాకులియాది కాజాలదు. కావున మొదట ఒక్క విమానమును, దాని తోకమీది సంఖ్యతో సహా, ఎంచుకొని, దాని ఛాయాచిత్రములనే అనుసరింపవలెను.

ఆలోగా చేయదగిన చిన్నపని యొకటి కలదు. దసరా సెలవులకు టాటానగరులో రైలెక్కి విశాఖకు పోవు తెలుగు కుటుంబములు మనలో అనేకము. వారి పిల్లలలో డిప్లొమాయో ఐ.టి.ఐ.యో చదువుచున్నవారెవరైన మ్యూజియమువారి అనుమతి గైకొని, టి.యు.-142 దేహపు చుట్టుకొలతను దారముతో తీసి, 3.1416తో భాగించి, వచ్చిన వ్యాసమును బి-29 పటములోని 9 అడుగుల 6 అంగుళములతో సరిచూచి రావలెనని కోరుచున్నాను. అది సరిపోయినచో, ఉక్కు స్కేలు మీద 114 గీతలు లెక్కించి, ప్లైవుడ్డు పలకమీద వృత్తము గీచి, నమూనాకు మొదటి చట్రమును ఆ కొలతకే కోయవచ్చును.